షుగరు వ్యాధికి పొట్ట ఆపరేషన్: ఎలా తేల్చుకోవాలి, ఎలా సిద్ధం కావాలి, తర్వాత ఎలా నడుచుకోవాలి

మా అన్నయ్య ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన మూడో రోజున అమ్మ అటక మీది పెట్టె దింపించి, మా చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె బయటికి తీసి తోమింది. అన్నయ్యకు నలభై ఏడేళ్లు. పంక్తిలో కూర్చుంటే మూడోసారి అన్నం పెట్టించుకునే మనిషి. ఆయనకు ఆ గిన్నెలో సగానికి పెసరపప్పు కట్టు పోసి ఇచ్చింది. అది ముగించడానికి ఆయనకు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆ రోజు పరగడుపున షుగరు 118. రెండు వారాల క్రితం వరకూ ఇన్సులిన్ వేసుకుంటూ కూడా ఆయనకు 200 లోపు అంకె కనబడేది కాదు.

మాది పాలకొల్లు దగ్గర ఊరు. ఆ ఏడాదంతా అన్నయ్య వెంట తిరిగి చూసినవీ, డాక్టర్లను గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఈ ఆపరేషన్ అంటే జీర్ణాశయాన్ని చిన్నది చేయడమో, తిన్నది వెళ్లే దారిని మళ్లించడమో; దాంతో బరువూ షుగరూ తగ్గుతాయి. నేను డాక్టరును కాను. మందు మార్చాలన్నా మానాలన్నా మీ డాక్టరు చెప్పాకే చేయండి. అయితే ఒక మాట మొదటే చెప్పాలి. మన వైపు ఈ ఆపరేషన్ గురించి ఆలోచించేవాళ్లు చాలా ఆలస్యంగా ఆలోచిస్తున్నారు. ఇన్సులిన్ మోతాదు ఏటేటా పెరిగి, పాదాలు తిమ్మిరెక్కి, చూపు మసకబారాక ఆఖరి ప్రయత్నంగా వెళ్తున్నారు. అప్పటికి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చాలావరకు చేతులెత్తేసి ఉంటాయి.

1. మీ షుగరు ఏ రకందో, ఎన్నేళ్లదో తేల్చుకోండి

ఇది రెండో రకం మధుమేహానికి చేసే చికిత్స. మొదటి రకంలో క్లోమం ఇన్సులిన్ తయారీనే ఆపేస్తుంది కాబట్టి ఆపరేషన్ చేసినా ఇన్సులిన్ తప్పదు. చిన్న వయసులో షుగరు వచ్చినవాళ్లు, సన్నగా ఉండి కూడా వచ్చినవాళ్లు తమది ఏ రకమో తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. క్లోమంలో రాళ్లు ఏర్పడి వచ్చే షుగరు కూడా దక్షిణాదిలో ఉంది. దానికీ ఈ ఆపరేషన్ మందు కాదు.

రెండు రక్తపరీక్షలు చేయించండి. ఒకటి హెచ్‌బీఏ1సీ. ఇది మూడు నెలల సగటు షుగరు చెబుతుంది, చాలామందికి తెలిసినదే. రెండోది సి-పెప్టైడ్. మీ క్లోమం ఇంకా సొంతంగా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో ఇది చెబుతుంది. సూదితో వేసుకున్న ఇన్సులిన్ ఈ లెక్కలోకి రాదు, అందుకే దీనికి అంత విలువ. వయసు, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క), సి-పెప్టైడ్, షుగరు వచ్చి ఎన్నేళ్లయింది అనే నాలుగింటికీ మార్కులు వేసి ఫలితాన్ని ముందే అంచనా కట్టే పద్ధతి డాక్టర్ల దగ్గర ఉంది. మీకు ఎన్ని మార్కులు వచ్చాయో అడగండి.

అన్నయ్యకు షుగరు వచ్చి ఆరేళ్లు. మా మేనమామకు పద్దెనిమిదేళ్లు, అందులో పదేళ్లు ఇన్సులిన్ మీదే. ఇద్దరికీ ఒకే రకం ఆపరేషన్ జరిగింది. అన్నయ్య ఏడాదిగా షుగరు మందు ముట్టలేదు, హెచ్‌బీఏ1సీ 6.1. మామయ్యకు ఇన్సులిన్ మూడో వంతుకు తగ్గింది కానీ ఆగలేదు. ఆయనకు మేలు జరగలేదని కాదు. అదే ఆపరేషన్ పదేళ్ల ముందు చేయించుకుని ఉంటే ఇంకెంతో మేలు జరిగేదని నా బాధ.

2. బీఎంఐ లెక్క వేసుకోండి

ఎత్తును మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదానితో బరువును భాగించండి. అన్నయ్య ఎత్తు 1.68 మీటర్లు, బరువు 98 కిలోలు. 1.68ని 1.68తో గుణిస్తే సుమారు 2.82. 98ని దానితో భాగిస్తే 34.7.

మనవాళ్లకు కాళ్లూ చేతులూ సన్నగానే ఉండి పొట్ట మాత్రం ముందుకు వస్తుంది. ఆ పొట్టలోని కొవ్వే షుగరుకు ఎరువు. అందుకే ఆసియావాసులకు హద్దు తక్కువగా పెట్టారు. 2016లో 45 వైద్య సంఘాలు ఆమోదించిన మార్గదర్శకాల ప్రకారం మనలాంటివారికి బీఎంఐ 37.5, ఆపైన ఉంటే షుగరు ఎలా ఉన్నా ఆపరేషన్ సిఫారసు చేయవచ్చు. 32.5 నుంచి 37.4 మధ్య ఉండి మందులతో షుగరు అదుపులోకి రాకపోతే అప్పుడూ సిఫారసు చేయవచ్చు. 27.5 నుంచి 32.4 మధ్య ఉండి అదుపులోకి రాకపోతే ఆలోచించదగినది. 2022లో ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు ఆసియావాసులకు 27.5 నుంచే ఈ అవకాశం ఇవ్వాలన్నాయి.

"మందులతో అదుపులోకి రాకపోతే" అన్న మాట దగ్గర నిజాయితీగా ఆగండి. పూటకో మాత్ర మరిచిపోతూ మందు పనిచేయలేదంటే కుదరదు. సెమాగ్లుటైడ్ ఉంది, 2025లో మన దేశంలోకి టిర్జెపటైడ్ వచ్చింది. ఈ కొత్త మందులు మీకు సరిపోతాయేమో మొదట డాక్టరుతో మాట్లాడండి. వాటితో దారికి వచ్చేవారికి కత్తి అవసరం లేదు.

3. లోపల ఏం చేస్తారో తెలుసుకోండి

ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి దాదాపు 80 శాతం తీసేస్తారు. మిగిలేది రావులపాలెం మార్కెట్లో గెల నుంచి తెంపిన ఒక అరటికాయంత గొట్టం. తీసేసింది మళ్లీ పెట్టడం ఉండదు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన కోడిగుడ్డంత సంచి చేసి, చిన్నపేగును కొంత కిందికి తెంచి ఆ సంచికి కలుపుతారు. కాలువకు అడ్డుకట్ట వేసి నీటిని పక్క బోదెలోకి మళ్లించినట్టు, తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా నేరుగా కిందికి దిగుతుంది.

తక్కువ తినడం వల్లే షుగరు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. తిన్నది పేగు కింది భాగానికి త్వరగా చేరితే అక్కడ జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఎక్కువగా పుట్టి, ఇన్సులిన్ విడుదల చేయమని క్లోమాన్ని తట్టి లేపుతుంది. స్లీవ్‌లో తీసేసే భాగంతో పాటు ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ కూడా చాలావరకు పోతుంది. అందుకే బరువు రెండు కిలోలు కూడా తగ్గకముందే షుగరు దిగడం మొదలవుతుంది. అమెరికా సర్జన్ వాల్టర్ పోరీస్ 1995లో ప్రచురించిన వ్యాసం ఈ సంగతిని లోకం దృష్టికి తెచ్చింది. బరువు కోసం బైపాస్ చేయించుకున్న ఆయన రోగుల్లో 146 మందికి షుగరు ఉంటే 121 మందికి అది మామూలు స్థాయికి వచ్చి నిలిచింది.

ఆశ ఎంత పెట్టుకోవచ్చు? క్లీవ్‌ల్యాండ్‌లో 150 మందితో చేసిన పరిశోధనలో ఐదేళ్లకు హెచ్‌బీఏ1సీ 6, అంతకన్నా తక్కువ ఉన్నవారు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం. రోమ్‌లో 60 మందిని పదేళ్లు గమనించి 2021లో ప్రచురించిన ఫలితాల్లో ఆపరేషన్ అయినవారిలో 37.5 శాతం మంది షుగరు నుంచి ఉపశమనంలో ఉన్నారు, మందులవారిలో 5.5 శాతం. ఈ అంకెలను రెండు కళ్లతోనూ చూడండి. మందులకంటే ఎన్నో రెట్లు మెరుగు. కానీ అందరికీ కాదు, శాశ్వతమూ కాదు.

ఛాతీలో మంట, పులితేన్పులు బాగా ఉన్నవారికి స్లీవ్ వల్ల అవి ఎక్కువ కావచ్చు, బైపాస్ నయం. షుగరు మీద బైపాస్ పట్టు కాస్త ఎక్కువ, విటమిన్ల లోటు కూడా ఎక్కువే. ఇక ప్రాణభయం. అనుభవమున్న చోట వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి వరకు. తక్కువే, సున్నా మాత్రం కాదు. ఇంట్లో అందరి ముందూ ఈ మాట అనుకున్నాకే ముందుకు వెళ్లండి.

4. ఆసుపత్రినీ, డబ్బునీ చూసుకోండి

మేము మొదట వెళ్లిన ఒక చోట "షుగరు నూటికి నూరుపాళ్లూ పోతుంది, ఈ వారమే చేరిపోండి" అన్నారు. సి-పెప్టైడ్ ఊసే ఎత్తలేదు. లేచి వచ్చేశాం. మీరూ అలాగే లేచి రండి. సర్జన్ ఒక్కరే కాదు, షుగరు డాక్టరు, ఆహార నిపుణులు, మత్తు డాక్టరు కలిసి చూసే చోటికి వెళ్లండి. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, ఎందరికి కుట్లు లీకయ్యాయి, అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఫోను ఎత్తేది ఎవరు అని ముఖం మీదే అడగండి. జవాబు చెప్పడానికి చిరాకుపడే చోట మీ పొట్టను అప్పగించకండి.

డెల్టాలో ఉన్నవాళ్లు విశాఖపట్నమో, విజయవాడో, హైదరాబాదో వెళ్తే మళ్లీ మళ్లీ చూపించుకోవడానికి కూడా అంత దూరం పోవాలి. మొదటి ఏడాది కనీసం నాలుగైదుసార్లు. ఆ ప్రయాణాల ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. కాకినాడలోనో, రాజమహేంద్రవరంలోనో, భీమవరంలోనో మిమ్మల్ని రోజూ చూసే డాక్టరుకు ముందే చెప్పి, ఆయనకూ సర్జన్‌కూ ఫోన్లో ఒకసారి మాట కలపండి. తర్వాత చాలా పనికొస్తుంది.

బీమాలో ఒక మెలిక ఉంది. 2019లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నిబంధన ప్రకారం ఈ ఆపరేషన్‌కు డబ్బు రావాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపు కాని రెండో రకం షుగరు వంటి జబ్బు ఉండాలి. అంటే వైద్యపరంగా తగిన మనిషే బీమా లెక్కలో తగకపోవచ్చు. 34.7 ఉన్న మా అన్నయ్యకు అదే జరిగింది. పాలసీ కాగితం ముందు చదివి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

5. తేదీ పెట్టుకుని సిద్ధం కండి

నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. ధాన్యం బస్తా కాదు కదా, నిండు బిందె కూడా వద్దు. దాళ్వా కోతలయ్యాక మేలో పెట్టుకుంటే పొలం పని అడ్డం రాదు కానీ ఎండ మండిపోతుంది. గుక్కెడు గుక్కెడుగా తప్ప నీళ్లు తాగలేని మనిషికి ఆ ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోతుంది. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగుతుంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చాక లంక గ్రామాల్లో పంటు ఆగిపోతే పడవే దిక్కు. ఆపరేషన్ అయి నెల తిరగని మనిషి అక్కడ ఉండకూడదు. మేము సార్వా కోతలయ్యాక నవంబరు నెలాఖరున పెట్టుకున్నాం. సంక్రాంతికి మెత్తటి ఆహారం దాకా వచ్చాడు.

సిగరెట్టు, చుట్ట కనీసం ఆరు వారాల ముందు మానేయాలి, మళ్లీ ముట్టుకోకూడదు. ఎండోస్కోపీ, గుండె పరీక్ష, పెద్దగా గురక పెట్టేవారికి నిద్రలో ఊపిరి పరీక్ష చేస్తారు. కంటి డాక్టరుకు తప్పకుండా చూపించుకోండి. షుగరు ఒక్కసారిగా దిగితే అప్పటికే దెబ్బతిన్న రెటీనా ఇంకా దెబ్బతినే ప్రమాదం ఉంది. చాలాచోట్ల ఈ మాట ఎవరూ చెప్పరు.

చివరి రెండు వారాలు పిండిపదార్థం బాగా తగ్గించిన ఆహారం ఇస్తారు. కాలేయంలో కొవ్వు తగ్గి అది కుంచించుకుంటేనే సర్జన్‌కు పొట్ట దగ్గరికి దారి దొరుకుతుంది. ఆ రోజుల్లో పాత మోతాదులోనే ఇన్సులిన్ వేసుకుంటే షుగరు పడిపోతుంది. మోతాదు ఎంత తగ్గించాలో రాయించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. లేకపోతే షుగరు మామూలుగా కనబడుతూనే రక్తం ఆమ్లంగా మారవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లూ, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ లాంటివి వారానికొకసారి ఇంజెక్షన్‌గా తీసుకునేవాళ్లూ ఆ సంగతి మత్తు డాక్టరుకు చెప్పాలి.

6. ఆసుపత్రిలో

నాలుగైదు చిన్న రంధ్రాల ద్వారా చేస్తారు. అదే రోజు సాయంత్రానికి లేపి నడిపిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే ఆ నడకే మందు, కాబట్టి నొప్పి అని పడుకోకండి. సాధారణంగా రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. వచ్చేముందు డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ పేరు స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోండి.

7. వంటింట్లో

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మీ ఆసుపత్రి పట్టిక వేరుగా ఉంటే దాన్నే పాటించండి. మాకు చెప్పినది ఇది.

మొదటి రెండు వారాలు ద్రవాలే. పప్పుకట్టు, మజ్జిగ తేట, వడగట్టిన కోడి సూపు, వెన్న తీసిన పాలు. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత దగ్గర పెట్టుకోండి. నిమిషానికో రెండు నిమిషాలకో ఒక మూత. రోజంతా కలిపి లీటరున్నర దాటాలి. కొబ్బరినీళ్లు ఇంట్లోనే ఉన్నాయి కదా అని బొండాలకు బొండాలు తాగించే చుట్టాలు వస్తారు. అందులోనూ చక్కెర ఉంది. డాక్టరు ఒప్పుకున్నంతే తాగండి.

మూడు, నాలుగు వారాల్లో మెత్తగా మెదిపినవి. పెసరపప్పు ముద్ద, ఉడికించి చిదిమిన గుడ్డు, గట్టి పెరుగు. ఐదు, ఆరు వారాల్లో మెత్తటివి. ఇడ్లీ, ఆమ్లెట్, ముల్లు లేని చేప. మన వైపు చేప లేనిదే పూట గడవదు కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను. ముళ్లు ఎక్కువగా ఉండే చేపను కొన్నాళ్లు మరిచిపోండి. కొరమీను, పండుగప్ప మంచివి, ఆవిరిలో ఉడికించి ముల్లు వేళ్లతో వెతికి తీయాలి. మా వదిన ముక్కను పళ్లెంలో పరిచి దీపం వెలుతురులో చూసినట్టు చూసేది. చింతపండు పులుసూ, ఎర్రటి కారమూ రెండు నెలలు పక్కన పెట్టాం.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపలోనో రొయ్యల్లోనో సుమారు 20. ఉగ్గుగిన్నెడు తిండిలో ఇవన్నీ పట్టాలంటే ముందు గుడ్డు, చేప, పప్పు, తర్వాత కూర, చోటు మిగిలితేనే అన్నం. ఇది గోదావరి జిల్లా మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు. విస్తరి మధ్యలో అన్నం లేకపోతే భోజనమే కాదనుకునే ఊళ్లు మనవి. మొదట్లో మెతుకులు అడ్డుపడినట్టై అన్నయ్య రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ముద్దను ఇరవైసార్లు నమలాలి, చిన్న చెంచాతో తినాలి, భోజనంతో నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి.

బైపాస్ అయినవాళ్లు తీపి తింటే పది, ఇరవై నిమిషాల్లో చెమటలు, గుండెదడ, విరేచనం రావచ్చు. ఆత్రేయపురం పూతరేకు ఒకటి ఏం చేస్తుందిలే అనుకోవద్దు. సంక్రాంతికి అరిసెలతో వచ్చే పెద్దవాళ్లకు ముందే ఫోను చేసి చెప్పండి. మా పెద్దమ్మ బెల్లం మానేసి మాకోసం రొయ్యలు తెచ్చింది, ఆ ప్రేమ వల్ల ఆ వారం చిక్కేమీ రాలేదు.

8. మందులు, విటమిన్లు

మొదటి నెల రోజుకు నాలుగుసార్లు గ్లూకోమీటరుతో చూసి నోటుబుక్కులో రాయండి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలూ, ఇన్సులిన్ పాత మోతాదులో కొనసాగితే షుగరు 70 కిందికి పడుతుంది. వణుకు, చెమట, తడబాటు కనబడితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగి, పావుగంటకు మళ్లీ చూడండి. బీపీ మాత్రల మోతాదు కూడా తగ్గించాల్సి రావచ్చు.

బీ12, డీ విటమిన్, కాల్షియం, ఐరన్ జీవితాంతం. బాగున్నాను కదా అని రెండో ఏడాది మానేసేవాళ్లే ఎక్కువ, రక్తహీనతతో, ఎముకల నొప్పులతో మళ్లీ వచ్చేది వాళ్లే. కాల్షియం సిట్రేట్ రకం అడగండి. దాన్ని, ఐరన్ మాత్రను కనీసం రెండు గంటల తేడాతో వేసుకోవాలి. ఒళ్లునొప్పులకు మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, ముఖ్యంగా బైపాస్ తర్వాత. పుండ్లు పడతాయి. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలలు మాత్ర ఇవ్వవచ్చు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలుతుంది, తిరిగి వస్తుంది, భయపడకండి. సారా, బ్రాందీ త్వరగా తలకెక్కుతాయి, మానేయడమే మంచిది. పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి.

9. వెంటనే బయలుదేరాల్సిన సూచనలు

నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం, నల్లటి విరేచనం. వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకండి. ఒకరోజు దాటి వాంతులు ఆగకపోతే కూడా అంతే. థయామిన్ అనే బీ1 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతింటాయి. గ్లూకోజు ఎక్కించే ముందు ఆ విటమిన్ ఇవ్వాలని అక్కడి డాక్టరుకు గుర్తుచేయండి.

10. ఆ తర్వాతి ఏళ్లు

మందులు లేకుండా కనీసం మూడు నెలలు హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంటే దాన్ని ఉపశమనం అంటారు. నయమైందని ఎవరూ అనరు, మీరూ అనుకోకండి. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తర్వాత ఏటా షుగరు, బీ12, ఐరన్, డీ విటమిన్ పరీక్షలు. షుగరు మామూలుగా ఉన్నా ఏటా కళ్లు, మూత్రం, పాదాలు చూపించుకోవాలి, పాత షుగరు చేసిన నష్టం లోపల ఉంటుంది. బరువు మళ్లీ ఐదు కిలోలు పెరిగితే సిగ్గుపడి దాక్కోకుండా ఆ నెలలోనే వెళ్లండి. అప్పుడు దిద్దుకోవడం తేలిక.

ఒక కాగితం మీద ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ ఫోను నంబరు, వేసుకోకూడని మాత్రలు రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టి జేబులో ఉంచుకోండి. ఊరికి దూరంగా ఏ పెళ్లిలోనో పడిపోతే, మిమ్మల్ని ఎత్తుకెళ్లినవాళ్లకు మీ పొట్ట లోపల దారి మారిందని తెలియాలి.